పద్నాలుగో రాత్రి దీపం

వియత్నాంలో హోయ్ ఆన్ అనే ఊరుంది. అక్కడ తూ బోన్ నది ఒడ్డున, ఒక కాగితపు దీపం దగ్గర మా బృందం రెండుగా చీలిపోయింది. వెళ్ళింది పదకొండు మందిమి. అందరం నవయాన బౌద్ధులమే, ఇరవై రెండు ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్ళమే. చాంద్రమానం ప్రకారం అది ఏడో నెల, పద్నాలుగో రాత్రి. పాత ఊళ్ళో కరెంటు దీపాలు ఆర్పేశారు. ప్రతి గుమ్మానికీ పట్టు లాంతర్లు వేలాడుతున్నాయి. ఇళ్ళ ముందు చిన్న బల్లల మీద పండ్లు, పూలు, అగరువత్తులు పెట్టి ఇంటివాళ్ళు పెద్దలను తలచుకుంటున్నారు.

మాతో వచ్చిన ఒక చెల్లెలిది గుంటూరు జిల్లా. నిరుడు తల్లిని పోగొట్టుకుంది. ఒడ్డున అమ్ముతున్న ముసలామె దగ్గర ఒక దీపం కొని, తల్లిని తలచుకుని నీళ్ళలో వదలబోయింది. మాలో పెద్దవారు, రిటైరైన హెడ్మాస్టరు గారు, చెయ్యి అడ్డం పెట్టారు.

"అమ్మా, శ్రాద్ధం పెట్టనని, పిండం వెయ్యనని ప్రమాణం చేశాం గదా. మరి ఇదేమిటి? కార్తీక దీపానికి వియత్నాం పేరు పెట్టడమేగా?"

ఆమె గొంతు పెంచకుండానే జవాబిచ్చింది. "అమ్మకు కర్మ చెయ్యొద్దన్నారు మాస్టారూ, చెయ్యలేదు. చుట్టాలందరితో మాట పడ్డాను, ఓర్చుకున్నాను. సంస్మరణ సభ పెట్టించారు. అయిదుగురు మాట్లాడారు. బుద్ధుడి గురించి చెప్పారు, బాబాసాహెబ్ గురించి చెప్పారు, మనువును తిట్టారు. మా అమ్మ పేరు ఒక్కరన్నా పలికారా?"

ఆ అయిదుగురిలో మేమూ ఒకరం. మైకు పట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడాం. ఆమె పేరు మాకు అప్పటికి తెలియదు. తెలుసుకోవాలనీ తోచలేదు.

ఆ రాత్రి నుంచి మమ్మల్ని వదలని ప్రశ్న అది. మాస్టారి మాటలో ఎంత న్యాయముందో ముందు ఒప్పుకుని, ఆయనా మేమూ ఎక్కడ తప్పామో తరువాత చెబుతాం.

న్యాయం చాలానే ఉంది. మా చేతికిచ్చిన కరపత్రం ఈ వేడుకను ప్రాచీన బౌద్ధ ఉత్సవం అన్నది. అది నిజం కాదు. హోయ్ ఆన్ వర్తకుల రేవు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో చైనా, జపాన్ ఓడలు అక్కడ ఆగేవి. జపాన్ వాళ్ళ పేరుతో పిలిచే పైకప్పున్న వంతెన ఈనాటికీ ఉంది. ఫుజియాన్ వర్తకుల సభామందిరంలో నేటికీ సముద్రదేవతకు పూజలు జరుగుతున్నాయి. పౌర్ణమికి పెద్దలను తలచుకునే ఆచారం పాతదే. కానీ నెలనెలా పద్నాలుగో రాత్రి ఊరంతా కరెంటు ఆర్పి లాంతర్లు వెలిగించే పద్ధతి 1998లో మొదలైంది. మరుసటి ఏడాది, 1999లో, యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక యాత్రికులకు కొరతేముంది? ఇప్పుడు పడవవాళ్ళు దీపంతో పాటు కోరికను కూడా అమ్ముతున్నారు. దీపం వదలండి, మనసులో ఒకటి కోరుకోండి, అది నెరవేరుతుంది అంటారు.

దీన్ని ధమ్మం అనడానికి వీల్లేదు. అసిబంధక పుత్రుడనే గ్రామపెద్ద ఒకసారి బుద్ధుణ్ణి అడిగాడు: చనిపోయినవారిని మంత్రాలతో స్వర్గానికి పంపుతామనే బ్రాహ్మణులున్నారు, మీరూ ఆ పని చెయ్యగలరా అని. లోతైన మడుగులో పడ్డ బండరాయి, జనమంతా చుట్టూ చేరి చేతులు జోడించి వేడుకున్నంత మాత్రాన పైకి తేలుతుందా అని బుద్ధుడు ఎదురడిగాడు. మునిగే రాయిని తేల్చలేని ప్రార్థన పరీక్షలో మార్కులూ వేయించదు, కొడుక్కి వీసా కూడా తెప్పించదు. ఇంతవరకు మాస్టారితో మాకు పేచీ లేదు.

అయితే ఆ చెల్లెలు ఏ కోరికా కోరలేదు. మాస్టారు చూడనిది అదే.

బాబాసాహెబ్ శ్రాద్ధాన్ని, పిండాన్ని ఎందుకు వద్దన్నారు? చనిపోయినవారిని మరిచిపొమ్మని కాదు. శ్రాద్ధంలో తలచుకునే హక్కు కొడుకుది, మంత్రం బ్రాహ్మణుడిది, దానం కూడా అతనికే. కూతురు పక్కన నిలబడాలి. మన కులాలవాళ్ళయితే ఆ మంత్రానికే అంటరానివాళ్ళు. దుఃఖం మీద కూడా కులం పన్ను వసూలు చేసే ఏర్పాటు అది. ఆ ఏర్పాటును కూల్చడానికే ఆ ప్రతిజ్ఞ. ఒక కూతురు, పురోహితుడు లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా తల్లిని తలచుకుంటే కూలేది ప్రతిజ్ఞా, మనువు కట్టిన గోడా?

అదే నెలలో వియత్నాం బౌద్ధులు వూ లాన్ జరుపుకుంటారు. మౌద్గల్యాయనుడు తల్లి దుఃఖాన్ని తీర్చబోయి ఒంటరిగా తీర్చలేక, సంఘం సాయంతో తీర్చాడనే కథ దానికి ఆధారం. కథను నమ్మాలని మేము అనము. కానీ ఆ రోజు విహారాల్లో ఏం చేస్తారో చూడండి. తల్లి బతికి ఉన్నవాళ్ళు ఎర్ర గులాబీ పెట్టుకుంటారు, లేనివాళ్ళు తెల్ల గులాబీ. పక్కవాడి ఛాతీ మీద తెల్లపువ్వు కనబడితే అతని దుఃఖం ఏమిటో నోరు తెరవకుండానే తెలుస్తుంది. ఈ అలవాటు తాతలనాటిది కాదు. తిక్ న్యాట్ హన్ 1962లో తల్లి గురించి ఒక చిన్న రచన చేశాక వ్యాపించింది.

పువ్వులు, దీపాలు పోరాటాన్ని మెత్తబరుస్తాయని మనలో కొందరు భయపడతారు. అదే దేశ చరిత్ర చూడండి. 1963 మే 8న, బుద్ధుడి పుట్టిన రోజున, బౌద్ధ జెండా ఎగరవేయరాదన్న ఆంక్షను హ్యూ నగర ప్రజలు నిరసించారు. ప్రభుత్వ బలగాల చేతిలో పిల్లలతో సహా పలువురు చనిపోయారు. జూన్ 11న సైగాన్ నడివీధిలో తిక్ క్వాంగ్ డుక్ అనే భిక్షువు పద్మాసనంలో కూర్చుని తనను తాను దహించుకుని డియెమ్ ప్రభుత్వ వివక్షను లోకానికి చూపాడు. నవంబరులో ఆ ప్రభుత్వం కూలింది. గులాబీ గురించి రాసిన తిక్ న్యాట్ హనే బాంబులు పడ్డ పల్లెల్లో పనిచెయ్యడానికి యువకులను సమీకరించాడు, శాంతి కోరినందుకు 1966 నుంచి దశాబ్దాల ప్రవాసం అనుభవించాడు. తల్లి కోసం పువ్వు పెట్టుకున్న చేతులే ప్రభుత్వాన్ని ఎదిరించాయి. దుఃఖాన్ని పంచుకోవడం తెలిసిన సంఘానికే కలిసి నిలబడడం కూడా తెలుస్తుంది.

మా మీద మేమే మోపుకోవలసిన నేరం మరొకటుంది. హోయ్ ఆన్ ఉన్న ఆ ప్రాంతాన్ని చామ్ రాజులు ఏమని పిలిచారో తెలుసా? అమరావతి. మన కృష్ణ ఒడ్డు పేరే. ఆ నేలమీదే డోంగ్ డుయోంగ్ ఉంది. క్రీ.శ. 875లో రెండవ ఇంద్రవర్మ లోకేశ్వరుడి పేర అక్కడ మహావిహారం కట్టించాడు. 1911లో అక్కడ దొరికిన కంచు బుద్ధుణ్ణి చూసిన పండితులకు మన అమరావతి శిల్పం గుర్తొచ్చింది. కాలం, యుద్ధాలు కలిసి ఆ విహారాన్ని నేలమట్టం చేశాయి. మిగిలింది ఆసరా కర్రలతో నిలబెట్టిన ఒక ద్వారం. యాత్రికుల బస్సులన్నీ పక్కనున్న మి సన్ శివాలయాలకే పోతాయి. 2020లో భారత పురావస్తు శాఖ అక్కడ ఏకశిలా శివలింగాన్ని వెలికితీస్తే మన విదేశాంగ మంత్రి సంతోషం ప్రకటించారు. ఆయన్ని అనడం తేలిక. మా పదకొండు మందిలో డోంగ్ డుయోంగ్‌కు తీసుకెళ్ళమని అడిగినవాడు ఒక్కడూ లేడు. దీపం వదలొచ్చా లేదా అని గంటసేపు వాదించుకున్నాం. విహారం శిథిలాల్లో ఉందన్న ధ్యాస మాత్రం రాలేదు. వద్దనడమే ధమ్మమైతే జరిగేది ఇదే.

పౌర్ణమి మనకు పరాయిది కాదు. పక్షంలో ఎనిమిదో రోజున, పద్నాలుగు, పదిహేను రోజుల్లో పరమత పరివ్రాజకులు కూడుకుని జనానికి బోధిస్తున్నారని, మన సంఘం కూడా అలా కూడితే బాగుంటుందని బింబిసారుడు చెబితే, బుద్ధుడు ఒప్పుకుని ఉపోసథం ఏర్పరచాడని వినయపిటకంలోని మహావగ్గ చెబుతుంది. ఇతరుల ఆచారమని ఆయన తిరస్కరించలేదు. కూడే అలవాటు తీసుకున్నాడు, అందులో ధమ్మం నింపాడు. బాబాసాహెబ్ కూడా ప్రతిజ్ఞలు ఇచ్చి ఊరుకోలేదు, ఉపాసకుల కోసం బౌద్ధ పూజాపాఠం కూర్చి ఇచ్చారు. వద్దన్నవాటి జాబితాతో పాటు చెయ్యవలసినవి కూడా ఇచ్చారు. మనం మొదటిది కంఠస్థం చేసి రెండోది అటకెక్కించాం.

ఫలితం మన వాడల్లో కనబడుతూనే ఉంది. ధమ్మం తీసుకున్న ఇంట్లో చావు జరిగితే మూడో రోజుకు ఉపన్యాసకుడు వస్తాడు, పదో రోజుకు చర్చి నుంచో గుడి నుంచో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు. ఉపన్యాసకుడు బస్సెక్కి పోతాడు. పక్కన కూర్చున్నవాడు ఉండిపోతాడు. ఆ ఇల్లు ఎటు పోతుందో చెప్పాలా? ఆ ఇంటి ఆడవాళ్ళకు సిద్ధాంతం అర్థం కాలేదని నిందించడం మన అలవాటు. అర్థం కానిది మనకు.

అందుకని అడుగుతున్నాం. పాతికేళ్ళ కిందట ఒక చిన్న ఊరు వ్యాపారం కోసం నెలకో రాత్రి దీపాలార్పగలిగితే, విముక్తి కోసం మనం నెలకో సాయంత్రం కూడలేమా? ప్రతి పౌర్ణమికి విహారంలోనో, విహారం లేకపోతే ఎవరి వరండాలోనో త్రిశరణ పంచశీలలు చెప్పుకుందాం. ఆ నెలలో వాడలో ఎవరు పోయారో వాళ్ళ పేరు చెబుదాం. వాళ్ళు ఏ పని చేసి బతికారో, ఎవరిని సాకారో ఇంటివాళ్ళనే చెప్పమందాం. మొదట ఆడవాళ్ళు మాట్లాడాలి. 1985 కారంచేడు మృతుల పేర్లు, 1991 చుండూరు మృతుల పేర్లు పిల్లలతో చదివిద్దాం. ఒక దీపం పెడదాం, ఏమీ కోరవద్దు. ఉపన్యాసం పది నిమిషాలు దాటకూడదు. ఈ నియమం ముందు మాకే వర్తిస్తుంది.

ఆ రాత్రి ఆమె దీపాన్ని నీళ్ళలో వదల్లేదు. మెట్ల మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది. మాస్టారే పక్కన కూర్చుని, "మీ అమ్మ ఏం పనికి పోయేదమ్మా?" అని అడిగారు. మిరపకోతకు, పత్తి తీతకు పోయేదట. కోతల కాలంలో వేళ్ళు మండి రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదట. ఆ వేళ్ళతోనే కూతురికి డిగ్రీ చదువు చెప్పించిందట. వత్తి అయిపోయేదాకా చెప్పింది, అందరం విన్నాం. ఏడాది ఆలస్యంగా జరిగిన సంస్మరణ సభ అది.

వచ్చే పౌర్ణమికి మీ వాడలో అలాంటి ఇల్లు ఏదో చూసి వెళ్ళండి. మైకు తీసుకెళ్ళకండి.

జై భీమ్. నమో బుద్ధాయ.