సోమరితనమా? వ్యాధియా?

కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో ఒక విద్యార్థిని యుండెడిది. మొదటి సంవత్సరమున పద్యమును రెండుమార్లు వినినంతనే ఒప్పగించిన ఆ పిల్ల, రెండవ సంవత్సరమున పుస్తకము తెరచి కునుకుపాట్లు పడనారంభించెను. మాటలో జాప్యము, నడకలో జాప్యము. వేసవిలోను శాలువ విడువదు. ఒకనాడు నిండు తరగతిలో "కుంభకర్ణుని వంశమా నీది?" అంటిని. అందఱును నవ్విరి. ఆమె నవ్వలేదు. మూడు నెలలకు తల్లి వచ్చి, "మాస్టారూ, పిల్లది బద్ధకం కాదండీ, థైరాయిడ్ జబ్బట. మందు మొదలుపెట్టాం" అని చెప్పి వెడలినది. ఆనాటి నవ్వు నేటికిని నా చెవులలో మ్రోగుచునే యున్నది.

పిదప నేను తెలిసికొనినది తోడి ఉపాధ్యాయులకు చెప్పుట నా విధి. కంఠము ముందుభాగమున సీతాకోకచిలుక యాకృతిలో నుండు అవటుగ్రంథినే థైరాయిడ్ అందురు. దాని బరువు సుమారు 20 గ్రాములు. అయినను దేహములోని కణములు ఆహారమును ఎంత వేగముగ శక్తిగా మార్చవలెనో శాసించునది దాని హార్మోనే. ఆ హార్మోను తగ్గినచో పొయ్యిలో మంట తగ్గినట్లే: గుండె నెమ్మదించును, చలి బాధించును, బరువు కొంత పెరుగును, రక్తమున కొలెస్టరాలు హెచ్చును, జ్ఞాపకము మసకబారును. ఎదుగు పిల్లలలో పొడవు పెరుగుటయే మందగింపవచ్చును.

ఈ గ్రంథి చెడుటకు అయోడిను కొఱత ఒక కారణము. 1921లో శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, నేటి హిమాచల ప్రదేశములోని కాంగ్రా లోయలో 1956లో ఆరంభమైన పరిశోధనకు సారథ్యము వహించి, ఉప్పులో అయోడిను కలిపినచో గళగండము తగ్గునని నిరూపించినారు. 1962లో మన దేశమున గళగండ నివారణకు జాతీయ కార్యక్రమము వెలసినది.

అయోడినుకు కొఱత లేని చోట ముఖ్యకారణము వేఱు. 1912లో జపాను వైద్యుడు హషిమోటో నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథులలో ఒక వింత మార్పును వర్ణించెను. దాని మర్మము 1956లో బయల్పడినది. లండనులో రోయిట్, డోనియాక్ మొదలగువారు అట్టి రోగుల రక్తమున స్వంత గ్రంథిపైననే తిరుగబడు ప్రతిరక్షకములను కనుగొనిరి. రోగములనుండి మనలను కాపాడవలసిన శక్తియే మనపై దాడి చేయుచున్నది. కంచె చేను మేయుట యనగా నిదియే! ఒకచోట మేసిన కంచె వేఱొకచోటను మేయవచ్చును. క్లోమముపై ఇట్టి దాడివలననే పిల్లలకు మొదటిరకపు మధుమేహము వచ్చును. చర్మముపై జరిగినచో బొల్లి మచ్చలు కలుగును. అందువలననే ఆ మధుమేహము గల పిల్లలకు వైద్యులు థైరాయిడ్ పరీక్షయు చేయింతురు. ఒక గ్రంథి కథ దేహమంతటి కథ యైనది.

మందకొడిగా నుండు ప్రతి విద్యార్థియు రోగి యని నేననుట లేదు. నిద్రలేమి, రక్తహీనత, ఆకలి, ఇంటి దిగులు — కారణము లనేకములు. రోగనిర్ణయము వైద్యునిది, అందులకు రక్తపరీక్ష కలదు, లోపించిన హార్మోనునకు మాత్రయు కలదు. ఆ మాత్రను బరువు తగ్గుటకై మ్రింగుటయు, కొంత కుదుటపడగనే వైద్యు నడుగక మానుటయు రెండును ప్రమాదములే. కాని దినదినము బిడ్డను చూచువారము మనము. నిన్న చుఱుకుగా నుండినవాడు నేడేల మారెనో గమనించుట మన పని. గమనించి, నలుగురిలో గాక, తల్లిదండ్రులకు మెల్లగా చెప్పుట మన ధర్మము.

కుంభకర్ణుని నిద్ర సోమరితనము కాదు. బ్రహ్మశాపమని రామాయణ యుద్ధకాండ చెప్పుచున్నది. పాతికేండ్లుగా ఆ కథను పాఠము చెప్పుచుండియు, నా యెదుట కూర్చున్న పిల్ల విషయమున నేనది మఱచితిని. నా తోడివా రెవ్వరును మఱవకుందురు గాక!