పగడపు దిబ్బా? పెంటదిబ్బా?

(సముద్రం ఎవరిది? - 4వ భాగం)



మూడో భాగం కింద నా పాత విద్యార్థి ఒకడు ఒక వీడియో పెట్టాడు. ఒక పెద్ద యుద్ధనౌక. చుట్టూ పడవల్లో జనం, చేతుల్లో కెమెరాలు. ఓడ కడుపులో వరసగా పేలుళ్ళు. పొగ. వెనక భాగం ముందు మునిగింది, ముక్కు ఆకాశం వైపు లేచింది, అలాగే నీళ్ళలోకి జారిపోయింది. కింద వాడి వ్యాఖ్య: "మేడమ్, పనికిరాని ఓడ చేపలకి ఇల్లయింది. ఇందులో కూడా కులం వెతుకుతారా?"

వెతుకుతాను నాయనా. నువ్వు అడిగావు కాబట్టి ఈ భాగం మొత్తం దాని మీదే.

ముందు ఆ ఓడ సంగతి. దాని పేరు ఒరిస్కనీ. అమెరికా విమాన వాహక నౌక. కొరియా మీద, వియత్నాం మీద బాంబులు వేయడానికి దాని మీద నుంచే విమానాలు లేచాయి. ముసలిదయ్యాక తుక్కు కింద అమ్మబోయారు, ఆ బేరం కుదరలేదు. చివరికి 2006 మే 17న ఫ్లోరిడా రాష్ట్రం పెన్సకోలా తీరానికి దూరంగా ముంచేశారు. 37 నిమిషాల్లో అడుగుకి చేరింది. ముంచడానికి అయిన మొత్తం ఖర్చు సుమారు 2 కోట్ల డాలర్లు. ఇప్పుడది ప్రపంచంలోని అతి పెద్ద కృత్రిమ దిబ్బల్లో ఒకటి. డైవింగ్ చేసేవాళ్ళకి తీర్థయాత్ర.

వీడియోలో కనపడని సంగతి ఇంకొకటుంది. ఆ ఓడ కరెంటు తీగల తొడుగుల్లో పీసీబీలనే విష రసాయనాలున్నాయి. వాటి తయారీని అమెరికా 1979లోనే నిషేధించింది. ఒంట్లోకి పోతే కొవ్వులో పేరుకుంటాయి, ఓ పట్టాన పోవు. చిన్న చేపని పెద్ద చేప తింటే దానిలోకి, పెద్ద చేపని మనిషి తింటే మనిషిలోకి చేరతాయి. ముంచే ముందు నూనె తీశారు, చాలా వరకు శుభ్రం చేశారు, నిజమే. కానీ సుమారు 700 పౌండ్లు, అంటే 300 కిలోల పైచిలుకు పీసీబీలు ఓడలోనే ఉండిపోతాయని తెలిసే పర్యావరణ సంస్థ అనుమతి ఇచ్చింది. అన్నీ పీకాలంటే ఖర్చు ఎక్కువట. మునిగాక అక్కడ పట్టిన చేపల్లో పీసీబీలు పెరిగినట్టు ఫ్లోరిడా రాష్ట్రం చేసిన పరీక్షల్లోనే తేలింది.

ఇప్పుడు నా చదువు సంగతికి వస్తా. నేను చెప్పేది తెలుగు, ఓడల శాస్త్రం కాదు. కానీ మాట ఎక్కడ మోసం చేస్తుందో పట్టుకోవడం మా పనే.

సముద్రంలో వ్యర్థాలు పారేయకుండా 1972లో లండన్ ఒప్పందం వచ్చింది. అందులో ఒక మినహాయింపు ఉంది. వదిలించుకోవడం ఒక్కటే ఉద్దేశం కాకుండా వేరే ప్రయోజనం కోసం ఒక వస్తువుని సముద్రంలో పెడితే, అది పారేయడం కిందకి రాదు. అదే ఓడ, అదే సముద్రం, అదే విషం. "పారేశాం" అంటే నేరం. "దిబ్బ కట్టాం" అంటే అభివృద్ధి. మనుషుల పేరు మార్చి బతుకు మార్చకుండా వదిలేసే విద్య మనకి కొత్తేం కాదు. మనల్ని దేవుడి బిడ్డలన్నవాళ్ళు గుళ్ళోకి మాత్రం రానివ్వలేదు కదా.

తెలుగులో ఆ "దిబ్బ" అన్న మాట చూడండి. పగడపు దిబ్బ అంటాం, పెంటదిబ్బ అనీ అంటాం. ఏది ఏదో తేల్చేది ఎవరు? దాని పక్కన ఇల్లున్నవాడు. ఊరి పెంటదిబ్బ ఎప్పుడూ మాదిగపల్లెకి ఆనుకునే ఉంటుంది. ఆసామి ఇంటి నుంచి చూస్తే అది ఎరువు. మా గుమ్మంలోంచి చూస్తే ఈగలు.

ఒక ఉదాహరణ చెప్తాను. అదే ఫ్లోరిడాలో, ఫోర్ట్ లాడర్‌డేల్ తీరంలో 1970ల మొదట్లో సుమారు 20 లక్షల పాత టైర్లు కట్టలు కట్టి సముద్రంలో దించారు. అప్పుడూ ఇదే పాట, చేపలకి ఇల్లు అని. కట్లు తెగాయి. తుఫాన్లకి టైర్లు దొర్లి పక్కనున్న అసలైన పగడాలని రాసేశాయి. తర్వాత సైనిక డైవర్లు దిగి ఏళ్ళ తరబడి ఏరారు, ఇంకా పూర్తిగా ఏరలేదు. ఇల్లు కట్టామన్నవాళ్ళు చెత్త పోశారని తేలడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

"టైర్లు వేరు, ఉక్కు వేరు మేడమ్" అంటారు. వేరే. నేను కాదనను. ఇసక నేల మీద గట్టి వస్తువు పడితే దాని మీద నాచు పడుతుంది, గుల్లలు అంటుకుంటాయి, వాటి కోసం చిన్న చేపలు, వాటి వెనక పెద్ద చేపలు వస్తాయి. ఉక్కు ఓడ చాలా కాలం నిలబడుతుంది. మునిగిన ఓడ దగ్గర చేప ఉంటుందని మన తీరంలో వల వేసే ప్రతి మనిషికీ తెలుసు. అయితే ఒక ప్రశ్న శాస్త్రజ్ఞుల్లో ఇప్పటికీ నలుగుతోంది. ఆ దిబ్బ చేపల్ని కొత్తగా పెంచుతోందా, లేక చుట్టుపక్కల చెదిరి ఉన్నవాటిని ఒకచోటికి లాగుతోందా? లాగుతుంటే అది ఇల్లు కాదు, మాటు. గాలం ఉన్నవాడికి పని తేలిక చేసినట్టు.

చేపలకి దిబ్బ కట్టడం తెల్లవాళ్ళు కనిపెట్టిందీ కాదు. కేరళలో తిరువనంతపురం తీరపు చిన్న జాలర్లు రాళ్ళూ, కొబ్బరి మొదళ్ళూ పడవల్లో తీసుకెళ్ళి, తాము గాలం వేసే చోట తామే దించుకున్నారు. అందులో ఇంకో లాభం కూడా ఉంది. అడుగు గీకుతూ వచ్చే ట్రాలర్ వలకి ఆ రాళ్ళు తగులుకుంటాయి. ట్రాలర్ దూరంగా పోతుంది, చిన్న పడవకి నీళ్ళు మిగులుతాయి. అదీ దిబ్బంటే. ఎక్కడ వేయాలో, దేనితో వేయాలో అక్కడ బతికేవాడు తేల్చుకున్నాడు. దానికీ ఒరిస్కనీకి పేరు ఒకటే, పని వేరు. ఒకటి చేప కోసం మొదలైంది. రెండోది ఓడని వదిలించుకోవడం కోసం మొదలై మధ్యలో చేపని సాకుగా తెచ్చుకుంది.

ఇప్పుడు కులం దగ్గరికి వద్దాం.

మా తాత చచ్చిన గొడ్లు మోశాడు. ఆసామి కొట్టంలో గేదె చస్తే తెల్లారకముందే కబురొచ్చేది. నలుగురు వెళ్ళి కాళ్ళు కట్టి, కర్రకేసుకుని మోసుకొచ్చేవాళ్ళు. తోలు తీసి, సున్నంలో నానేసి, తంగేడు చెక్క నీళ్ళలో ఊరేసి, ఆ ఆసామికే చెప్పులు కుట్టిచ్చేవాళ్ళు. చచ్చినదాన్ని విడదీసి మళ్ళీ పనికొచ్చేట్టు చేయడం గొప్ప విద్య. ఆ విద్య తెలిసినవాడిని ముట్టుకోకూడదన్నారు. 1927లో మహద్ సభలో బాబాసాహెబ్ చచ్చిన గొడ్లు మోయడం మానేయండని చెప్పింది ఇందుకే. ఆ పనిలో వాసన ఉందని కాదు. ఆ పని మనకే రాసిపెట్టి, దాని ఖర్చు ఊరు పెట్టుకోకుండా మన ఒంటి మీద వేసిందని.

ఓడ కూడా చచ్చిన గొడ్డే. బతికినంత కాలం పాలు ఒకరు తాగారు. చచ్చాక మోసేదెవరు?

ప్రపంచంలో చచ్చిన ఓడలు చేరే చోట్లలో పెద్దది మన దేశంలోనే ఉంది. గుజరాత్‌లో భావనగర్ దగ్గర అలంగ్. 1983లో మొదలైంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఓడని ఒడ్డెక్కిస్తారు, ఆటు వచ్చాక బురదలో నిలబడి గ్యాస్ కట్టర్లతో కోస్తారు. కోసేవాళ్ళు ఉత్తరప్రదేశ్, బీహార్, ఝార్ఖండ్, ఒడిశాల నుంచి వచ్చిన వలస కూలీలు. ఆస్బెస్టాస్ దుమ్ము వాళ్ళ ఊపిరితిత్తుల్లోకి, నూనె ఆ బురదలోకి. అదే సౌరాష్ట్రలో ఊనా ఉంది. 2016 జులైలో చచ్చిన ఆవు తోలు తీస్తున్నందుకు మన పిల్లల్ని బండికి కట్టి కొట్టిన ఊనా. ఆ తర్వాత సురేంద్రనగర్‌లో మనవాళ్ళు చచ్చిన ఆవుల్ని తెచ్చి కలెక్టర్ కచేరీ ముందు పడేశారు. మీ గొడ్డు, మీరే చూసుకోండి అన్నారు. నా దృష్టిలో ఈ దేశంలో వ్యర్థాల మీద వచ్చిన అతి గొప్ప ప్రకటన అదే.

ఇక్కడ ఒక మిత్రుడు తప్పకుండా అడుగుతాడు: "అలంగ్‌లో కూలీలు చచ్చేకంటే ముంచడం నయం కదా?"

ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ చెప్తాను. ఫ్రాన్స్ దగ్గర ఒకే నమూనాలో కట్టిన రెండు విమాన వాహక నౌకలుండేవి. పెద్దది క్లెమెన్సో, చిన్నది ఫోష్. క్లెమెన్సోని వందల టన్నుల ఆస్బెస్టాస్‌తో అలంగ్‌కి పంపారు. గొడవైంది, మన సుప్రీంకోర్టు దాకా వచ్చింది, 2006 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ దాన్ని వెనక్కి పిలిపించుకుంది. చివరికి ఇంగ్లండ్‌లో హార్టిల్‌పూల్ దగ్గర డాక్‌లో పెట్టి విప్పారు. అంటే విప్పడం సాధ్యమే. యజమాని ఖర్చు పెట్టుకుంటే బురదలో కాకుండా డాక్‌లో, గుడ్డ ముక్క ముక్కుకి కట్టుకుని కాకుండా సరైన రక్షణతో విప్పొచ్చు. ఫోష్ బ్రెజిల్‌కి వెళ్ళి సావో పాలో అయింది. తుక్కుకి అమ్మితే, విషాలున్నాయని టర్కీ రానివ్వలేదు. ఏ రేవూ రానివ్వక నెలల తరబడి సముద్రంలో తిరిగింది. 2023 ఫిబ్రవరి 3న బ్రెజిల్ నౌకాదళం దాన్ని అట్లాంటిక్‌లో ముంచేసింది. అక్కడ లోతు 5 కిలోమీటర్లు. చేపల ఇల్లు అని చెప్పడానికి కూడా వీల్లేని లోతు. కాబట్టి ఎవరూ చెప్పలేదు.

అందుకే ముంచాలా, అలంగ్‌కి పంపాలా అన్న ప్రశ్నే దొంగ ప్రశ్న. ఆసామి చచ్చిన గేదెని మన చేత మోయించాలా, లేక మన పల్లె బావిలో పడేసి "కప్పలకి ఇల్లు కట్టాను" అనాలా అని చర్చ పెట్టినట్టుంది. గేదె ఎవరిది అన్నది అడగరేం?

ఇదంతా దూరపు సంగతి అనుకోకండి. విరాట్ యుద్ధనౌక 2017లో రిటైరయినప్పుడు మ్యూజియం చేస్తాం, విశాఖకి తెస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా కొన్నాళ్ళు అంది. 2018లో మహారాష్ట్ర 852 కోట్ల పథకానికి ఒప్పుకుంది. రెండూ జరగలేదు. 2020లో అది అలంగ్ చేరింది. ఇప్పుడు గుల్దార్ అనే నౌక వంతు. 2024 జనవరిలో రిటైరయింది. దాన్ని మహారాష్ట్ర సింధుదుర్గ్ జిల్లాలో, నివతి రాళ్ళ దగ్గర ముంచి నీటి అడుగు మ్యూజియంగా, కృత్రిమ దిబ్బగా చేస్తామంటున్నారు. ఆ మాల్వణ్ తీరంలో ఒడ్డు నుంచి వల లాగి బతికే చిన్న జాలర్లు పర్సీన్ వలలతో ఏళ్ళుగా పోరాడుతున్నారు. రేపు ఆ దిబ్బ చుట్టూ ఎవరు వల వేయొచ్చు? డైవింగ్ పడవ వస్తే జాలరి పడవ పక్కకి తప్పుకోవాలా? ముంచకముందే రాతపూర్వకంగా చెప్పాల్సిన జవాబులివి.

ఇంకో సంగతి గమనించండి. ఓడల విచ్ఛిన్నం మీద మన దేశం 2019లో చట్టం చేసింది. అంతర్జాతీయ హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్‌లో అమల్లోకి వచ్చింది. రెండూ యుద్ధనౌకలకి వర్తించవు. దిబ్బలని చెప్పి ముంచుతున్న పెద్ద ఓడల్లో చాలావరకు యుద్ధనౌకలే. విషం ఎక్కువున్న చోట చట్టం లేదు.

"జాలర్లు బీసీలు కదా, దళితుల కేం సంబంధం" అని రాసేవాళ్ళు కూడా ఉన్నారు. మన తీరంలో వాడబలిజలు, జాలర్లు, పట్టపువాళ్ళు బీసీలే. కానీ ఊరి చెత్త చేరే చోట ఉండాల్సి రావడం, ఆ చెత్త గురించి అడిగే హక్కు లేకపోవడం, అదీ నేను మాట్లాడుతున్న కులం. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు నీళ్ళు చిన్న పడవలవని ఆంధ్రప్రదేశ్ చట్టం చెప్తుంది. ఆ గీత దాటి లోపలికొచ్చే ట్రాలర్‌ని ఆపలేని ప్రభుత్వం రేపు అదే నీళ్ళలో ఓడ ముంచి మీకు మేలు చేశానంటే నమ్మాలా?

అడిగితే ఏమవుతుందో కూడా చెప్తాను. ఆస్ట్రేలియాలో అవోకా తీరం దగ్గర అడిలైడ్ అనే యుద్ధనౌకని ముంచబోతే, 2010లో స్థానికులు ట్రిబ్యునల్‌కి వెళ్ళారు. ముంపు ఆగింది. మళ్ళీ శుభ్రం చేయించాకే 2011 ఏప్రిల్‌లో ముంచారు. అప్పటిదాకా "అంతా శుభ్రంగానే ఉంది" అన్న ఓడలో ఇంకా తీయాల్సింది ఉందని తేలింది. వాళ్ళకి లాయర్లున్నారు. పట్టపుపాలెంలో ఎవరికున్నారు?

కాబట్టి నా మాట ఇది. ఓడ వాడుకున్నవాడే దాని చావు ఖర్చు పెట్టుకోవాలి, యుద్ధనౌకైనా సరే. విప్పడం డాక్‌లో జరగాలి, విప్పే కార్మికుడికి నిపుణుడి జీతం, నిపుణుడి గౌరవం దక్కాలి. చేపలకి దిబ్బ కావాలంటే జాలరి గ్రామాన్ని ముందు అడగండి, రాయితోనో కాంక్రీటుతోనో వాళ్ళు చూపించిన చోట వేయండి. ఓడ ఉంది కాబట్టి దిబ్బ కావాలి అనకండి.

నాయనా, ఆ వీడియో మళ్ళీ చూడు. ఓడ మునిగే ముందు చుట్టూ ఉన్న పడవల్లో జనం ఎలా నిలబడ్డారో చూడు. అందరూ చూడ్డానికొచ్చినవాళ్ళే. మా తాత గొడ్డు మోసుకెళ్తుంటే కూడా ఊరంతా అరుగుల మీద నిలబడి చూసేది. ఒక్కరూ కర్రకి భుజం పట్టలేదు.

వచ్చే భాగంలో రొయ్యల చెరువులూ దళితుల భూములూ.

జై భీమ్.