పార్సిల్ బండి మారాలి, భారం మాత్రం కుర్రాళ్ళ మీద పడకూడదు



బ్యాటరీ బండి ఎత్తు ఎక్కలేదన్న మాట తిరుపతిలో ఇక చెల్లదు. 2022 సెప్టెంబరులో బ్రహ్మోత్సవాల వేళ ఆర్టీసీ ప్రారంభించిన వంద ఒలెక్ట్రా బస్సుల్లో యాభై తిరుమల ఘాట్‌కే కేటాయించారు. నిండా జనంతో అవి కొండెక్కుతున్నాయి. దిగేటప్పుడు బ్రేకు పడినప్పుడల్లా కొంత కరెంటును తిరిగి బ్యాటరీలోకి పంపుతున్నాయి. భక్తుణ్ణి మోసే బండి మారింది సరే, కింద ఊళ్ళో పార్సిల్ మోసే బండి సంగతేమిటి? గాంధీ రోడ్డులో, తిలక్ రోడ్డులో, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో రోజంతా ఆగుతూ కదులుతూ తిరిగేవి పెట్రోలు స్కూటర్లు, డీజిల్ ఆటోలే. ఘాట్ కన్నా ఇది ఎంతో తేలికైన పని. దూరం తక్కువ, బరువు తక్కువ, దారి దాదాపు ప్రతిరోజూ అదే. రాత్రికి బండి ఒకచోటికి చేరుతుంది. కరెంటు బండికి ఇంతకన్నా అనువైన కొలువు దొరకదు.

కరెంటు బండి అసలు పొగే లేనిదని చెప్పడం అతిశయోక్తి. మన కరెంటులో చాలా భాగం బొగ్గుదే. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు మన కళ్ళెదుట లేవు కానీ లెక్కలో ఉన్నాయి. అందుకే లెక్కే చూద్దాం. దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటు తయారీకి దాదాపు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోలు, డీజిల్ అయితే 2.7 కిలోలు. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే పెట్రోలు స్కూటరు కిలోమీటరుకు 50 గ్రాములు వదిలితే, యూనిట్‌కు 28, 30 కిలోమీటర్లు తిరిగే కరెంటు స్కూటరు పేరిట పడేది 25 గ్రాములు. సగానికి సగం తగ్గినట్టు. సరుకు ఆటోలో లాభం అంత లేదు, మూడోవంతు దాకా వస్తుంది. బొగ్గు కరెంటుతోనే ఇంత తగ్గితే, గోదాము కప్పు మీద సౌర పలకలు పెట్టి మధ్యాహ్నం భోజనం వేళ చార్జింగ్ పెడితే ఇంకా ఎంత తగ్గుతుందో వేరే చెప్పాలా? సీమలో ఎండకు కరువు లేదు కదా. ఈ లెక్కకు అందని లాభం ఇంకొకటుంది. ఇరుకు వీధిలో దుకాణం ముందు ఆగిన ఆటో పొగ అక్కడ కూర్చున్నవాళ్ళ ముక్కుల్లోకే పోతుంది. ఎక్కడో ఉన్న పొగ గొట్టానిది అలా కాదు.

అసలు చిక్కు బండిలో లేదు, బండి ఎవరిదన్నదాంట్లో ఉంది. స్కూటరు మీద పార్సిళ్ళు తెచ్చే కుర్రాళ్ళలో చాలామందికి బండి సొంతం, పెట్రోలు సొంతం, రిపేరూ సొంతమే. కంపెనీ ఇచ్చేది డెలివరీకి ఇంత అని. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగితే, లీటరు 110 రూపాయల దరిదాపుల్లో ఉన్న మన రాష్ట్రంలో పెట్రోలుకే రెండు వందల నలభై దాకా పోతుంది. చిత్తూరు, పలమనేరు వైపు జనం సరిహద్దు దాటి ట్యాంకు నింపుకుని వచ్చేది ఊరికే కాదు. అదే దూరానికి కరెంటు ఖర్చు, యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా ముప్పై దాటదు. ఇంత తేడా ఉన్నా ఆ కుర్రాడు మారడంటే అది తెలివితక్కువతనం కాదు. కొత్త బండికి ముందు పెట్టుబడి కావాలి, అప్పు పుట్టాలి, మధ్యాహ్నం చార్జింగ్ అయిపోతే ఆగిన గంటకు కూలి ఎవరూ ఇవ్వరు. అద్దె గదిలో ఉండేవాడికి ప్లగ్గు పెట్టుకునే చోటే ఉండదు. కాబట్టి ‘అందరూ కరెంటు బండ్లు కొనండి’ అని పిలుపునిస్తే పుణ్యం కంపెనీకి, వాయిదాలు కుర్రాడికి మిగులుతాయి. 2030 నాటికి డెలివరీ బండ్లన్నీ కరెంటువే ఉంటాయని ఫ్లిప్‌కార్ట్ మాటిచ్చింది. అమెజాన్ 2025 నాటికి దేశంలో పదివేల బండ్లన్నది. మంచిదే. కానీ దేశం మొత్తానికి చెప్పిన అంకె తిరుపతి వీధిలో ఎన్ని బండ్లయిందో మనకు కనిపించాలి.

అభ్యంతరాలు లేకపోలేదు. నలభై దాటిన ఎండల్లో బ్యాటరీ అంటుకుంటే ఎలా అంటారు. భయం ఉత్తదేమీ కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్ళలో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ పరీక్షల ప్రమాణాలను బిగించి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చింది. నిజానికి ఆ ప్రమాదాలు నా వాదనకే బలం. పడకగదిలో చార్జింగ్ పెట్టే అవస్థ కుర్రాడికి తప్పాలంటే, గోదాము దగ్గరే నీడలో, మనిషి కాపలాలో చార్జింగ్ స్థలం ఉండాలి. ఇక మొగిలి ఘాట్ దాటి దూరపు మండలాలకు వెళ్ళే బండ్ల సంగతి. అక్కడ ఇప్పుడే పట్టుబట్టడం అనవసరం. ఒకసారి చార్జింగ్‌తో ఎనభై కిలోమీటర్లు తిరిగే సరుకు ఆటోను పల్లెలన్నీ తిప్పమంటే పేరు చెడేది ఆటోకే. తిరుపతి నగరం, చిత్తూరు పట్టణం చాలు మొదటికి.

దారి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఢిల్లీ ప్రభుత్వం 2023లో తెచ్చిన పథకం, 25 గానీ అంతకు మించి గానీ బండ్లు నడిపే డెలివరీ సంస్థలు లైసెన్సు తీసుకోవాలనీ, 2030 ఏప్రిల్ నాటికి ఆ బండ్లన్నీ కరెంటువి కావాలనీ చెప్పింది. బాధ్యత సంస్థది. బండి ఎవరి పేరున ఉన్నా లెక్క సంస్థ ఖాతాలోనే. మన రాష్ట్రానికి 2024-29 విద్యుత్ వాహన విధానం ఉంది. అందులో ఇలాంటి షరతు ఒకటి చేర్చి, దానికి తోడు బండి అద్దె, చార్జింగ్ ఖర్చు కుర్రాడి రేటులోంచి కోయకూడదన్న మాట కూడా రాయాలి. రెండోది లేకుండా మొదటిది వద్దే వద్దు.

ఈ పని మొదలుపెట్టడానికి తిరుపతికి మించిన ఊరేది? కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు తయారవుతున్నాయి. దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికి వెతికినట్టుంది మన తీరు. నగరపాలక సంస్థ, డిస్కం, రవాణా శాఖ అధికారులు పార్సిల్ గోదాముల యజమానులను ఒకచోట కూర్చోబెట్టి, ఏ గోదాములో ఎప్పటికి ఎన్ని చార్జింగ్ పాయింట్లు పెడతారో రాతపూర్వకంగా తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆర్టీసీ కార్గో ఇంటింటి డెలివరీ కూడా ప్రభుత్వానిదే కాబట్టి, మొదటి సంతకం అక్కడే పడాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి