రాబెన్ దీవికి దగ్గర, సికింద్రాబాద్ జైలుకు దూరం

కెన్యా రచయిత గూగీ వా థియాంగో 2025 మే 28న మరణించినప్పుడు తెలుగు సాహిత్యలోకం ఆయనను సొంత మనిషిని తలచుకున్నట్లు తలచుకున్నది, అది న్యాయమే. అయితే ఆ గూగీని తెలుగు పాఠకుడి చేతిలో పెట్టిన అనువాదకుల్లో ఇద్దరు రాజకీయ ఖైదీలన్న సంగతి, వారి సొంత జైలు రచనలకు విశ్వవిద్యాలయ తరగతి గదిలో దక్కవలసిన చోటు దక్కలేదన్న సంగతి నివాళుల సందడిలో మరుగున పడకూడదు. తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయమూ, జనం ఇఫ్లూ అని పిలిచే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమూ ఇరుగుపొరుగుగా ఉన్నాయి. వలసానంతర సాహిత్యం, అంటే వలసపాలన పోయిన తరువాత ఆ గాయాలను పరిశీలిస్తూ వచ్చిన సాహిత్యం, చదవదలచిన తెలుగు విద్యార్థికి ఇంతకన్నా అనువైన నేల మరొకటి లేదు. మన జైలు రచనలకు తరగతి గదిలో చోటెందుకు లేదన్న ప్రశ్న ముందుగా ఈ నేల మీదే వేయవలసి రావడానికి కారణమూ అదే.

ముందు దూరపు జైలుతోనే మొదలుపెడదాం. దక్షిణాఫ్రికా శ్వేతజాతి ప్రభుత్వం పుట్టుకను బట్టి మనుషులను వేరుచేసి పాలించిన పద్ధతిని అపార్థీడ్ అన్నారు. ఆ విభజన రాబెన్ దీవి జైలు పళ్లెం దాకా వచ్చింది: ఒకే కేసులో ఒకే శిక్ష పడినా భారతీయ సంతతి ఖైదీకి పొడుగు లాగూ, మెరుగైన తిండి దక్కితే, నల్లజాతి ఖైదీ నెల్సన్ మండేలాకు పొట్టి లాగూ, తక్కువ తిండి ఇచ్చారు. ఇది చదివి చలించే పాఠకుడు భారతదేశపు జైళ్ల చరిత్రను కూడా తెరవవలసి ఉంటుంది. తెల్ల ఖైదీకి ఒక రకం, భారతీయ ఖైదీకి మరొక రకం వసతులు నడిచిన బ్రిటిష్ జైలులోనే, భారతీయ రాజకీయ ఖైదీలను తెల్ల ఖైదీలతో సమానంగా చూడాలని కోరుతూ 63 రోజులు నిరాహారదీక్ష చేసి జతిన్ దాస్ 1929లో ప్రాణం విడిచాడు. స్వరాజ్య పత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో ఒక రచన కోసం రాజద్రోహ నేరం మోపించుకొని వేలూరు జైలుకు వెళ్లాడు. తెల్లవాడు వెళ్లిపోయాక ఆ వివక్ష పోయిందా? కులాన్ని బట్టి ఖైదీలకు పని పంచే జైలు నిబంధనలు రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2024 అక్టోబర్ 3న. అంతవరకు పలు రాష్ట్రాల జైలు నియమావళిలో ఊడ్చే చేయి, వండే చేయి పుట్టుకతోనే నిర్ణయమై ఉన్నాయి. రాబెన్ దీవి దూరపు కథ కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

గూగీని తెలుగు చేసిన ఆ ఇద్దరు ఖైదీల్లో ఒకడైన కవి వరవరరావు 1985 నుంచి 1989 దాకా జైలులో ఉన్న కాలంలోనే గూగీ రచనల అనువాదానికి పూనుకున్నాడు. విచారణ లేకుండా కమీటీ జైలులో సుమారు ఏడాది నిర్బంధించబడి, టాయిలెట్ కాగితం మీద గికుయు భాషలో నవల రాసుకొన్న గూగీ అనుభవం, సికింద్రాబాద్ జైలులోని తెలుగు కవికి పరాయిది కాలేదు. గూగీ జైలు డైరీ ‘బందీ’గా, నవల ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగులోకి వచ్చాయి. వరవరరావు సొంత జైలు లేఖలు ‘సహచరులు’గా వెలువడి, ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు వాటికి ముందుమాట రాసినవాడు గూగీయే. ఒక ఖైదీ మరొక ఖైదీని అనువదించడం, ఆ మరొకడు ఇతని పుస్తకానికి ముందుమాట రాయడం అనే ఈ బంధం తెలుగు సాహిత్యం గర్వించదగిన ఘట్టం. నిర్బంధంలో మనిషి మిగలడానికి ఆహారం, మందులు ఎంత అవసరమో, రాయడానికి ఒక పని ఉండడం అంతే అవసరమని ఈ రచనలు పేజీ పేజీలో నిరూపిస్తాయి.

ఇద్దరిలో రెండోవాడు, గూగీ బాల్యస్మృతులను తెలుగు చేసిన జి.ఎన్. సాయిబాబా, 2018లో ఆ పుస్తకం వెలువడేనాటికి నాగపూర్ జైలులో ఉన్నాడు. అమలాపురంలో పుట్టి, పోలియో వల్ల 90 శాతం వైకల్యంతో చక్రాల కుర్చీకి పరిమితమైన ఈ ఇంగ్లీషు అధ్యాపకుడిని, జైలులో అందరికన్నా ఒంటరిగా ఉంచే అండా సెల్‌లో ఏళ్ల తరబడి ఉంచారు. 2020లో తల్లి మరణించినప్పుడు కడసారి చూపుకు కూడా అనుమతి రాలేదు. 2022 అక్టోబర్ 14న బొంబాయి హైకోర్టు విడుదల చేస్తే, మరునాడే, శనివారమైనా ప్రత్యేకంగా కూర్చొని సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. 2024 మార్చి 5న హైకోర్టు మళ్లీ నిర్దోషి అన్నది. అదే కేసులో సహనిందితుడైన ఆదివాసీ యువకుడు పాండు నరోటే ఆ మాట వినకుండానే 2022లో జైలు నిర్బంధంలో మరణించాడు. బయటికి వచ్చిన సాయిబాబా ఏడు నెలలే బతికాడు. 2024 అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశాడు.

ఈ నిర్బంధపు నీడ విశ్వవిద్యాలయ ప్రాంగణాల మీద కూడా పడింది. 2018 ఆగస్టు 28న ఇఫ్లూ ఆచార్యుడు, దళిత సాహిత్య సంకలనాల సంపాదకుడు కె. సత్యనారాయణ ఇంటిని పుణె పోలీసులు సోదా చేశారు. ఇంట్లో దేవుళ్ల బొమ్మలకు బదులు ఫూలే, అంబేడ్కర్ చిత్రాలు ఎందుకున్నాయని అడిగారని ఆయన బహిరంగంగా చెప్పాడు. 2020 జనవరి 18న ఉస్మానియా తెలుగు అధ్యాపకుడు కాశీంను ప్రాంగణంలోని నివాసం నుంచే, 2016 నాటి కేసులో అరెస్టు చేశారు. పుస్తకాలున్న ఇల్లే నేరస్థలమైనప్పుడు విశ్వవిద్యాలయం మౌనంగా ఉండడం తటస్థత అనిపించుకోదు. అది సోదాకు సహకారమే అవుతుంది.

ఈ రచయితల రాజకీయాలు సాయుధ పోరాటాన్ని సమర్థిస్తాయి కనుక వారి రచనలు పాఠ్యాంశాలుగా తగవని ఒక వాదన ఉన్నది. మండేలా సాయుధ దళ స్థాపకుల్లో ఒకడు. అయినా అతని ఆత్మకథను పాఠంగా చెప్పడానికి ఎవరూ జంకరు. వేల మైళ్ల అవతలి ఖైదీ ధీరుడు, వీధి అవతలి ఖైదీ అపాయకరుడు అనే ఈ కొలమానం పిరికితనం తప్ప విమర్శ కాదు. జాతి పేరిట సాగిన అణచివేతను ఖండించి, కులం పేరిటా అభిప్రాయం పేరిటా సాగేదాన్ని చూడనట్టు నటించే సాహిత్య విద్య విద్యార్థికి సగం చదువే చెప్పినట్టు.

కనుక రెండు విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాలు వచ్చే విద్యాసంవత్సరంలో ‘బందీ’ పక్కన ‘సహచరులు’ను, సాయిబాబా జైలు కవితలను, లేఖలను పాఠ్యాంశాలుగా చేర్చాలి. విద్యార్థులు, అధ్యాపకులు ఆ కోరికను రాతపూర్వకంగా ఆ సంఘాల ముందు పెట్టాలని ఈ పత్రిక విజ్ఞప్తి చేస్తున్నది.