సౌకర్యం ఎవరిది?

‘సుకరం’ అంటే సులభంగా చేయదగినది. ఆ సుకరత్వమే సౌకర్యం. అంటే ఈ మాటలోనే ‘చేయడం’ ఉన్నది. సుఖం కూర్చున్నవారికి కూడా దక్కుతుంది. సౌకర్యం మాత్రం పని చేసేవారిది. వాడుకలో మనం ఈ రెంటినీ కలిపివేశాం. అందువల్లనే కాబోలు, ఇంటికి సౌకర్యాలు అమర్చడమంటే ముందుగదిలో సోఫా, వీధివాకిట రంగుల కమాను అని తలచేవారు ఎక్కువయ్యారు.

మిత్రులారా, నా మనవి ఒక్కటే. ఇంట్లో ఏ చిన్న మార్పు తలపెట్టినా, ఆ పనిని నిత్యమూ చేసే మనిషిని ముందుగా అడగాలి. అడగకుండా పెట్టిన పెద్ద వస్తువు మూలపడుతుంది. అడిగి చేసిన చిన్న మార్పు ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది.

పొయ్యి చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1950ల తొలినాళ్లలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో ఎస్. పి. రాజు గారు పొగ గొట్టం గుండా బయటికి పోయే మట్టిపొయ్యిని రూపొందించారు. వంటింటి పొగ కూడా ఒక శాస్త్రజ్ఞుడు తలకెత్తుకోదగిన సమస్య అని గుర్తించిన ఆయనకు నమస్కరించాలి. 1980లలో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టి 2002 వరకూ నడిపింది. అయితే ఆ పొయ్యిలు చాలాచోట్ల కొద్దికాలానికే పాడుపడ్డాయి. గొట్టంలో మసి పేరుకుంటే దులపాలి. పొయ్యి కంతకు గిన్నె అమరకపోతే ఆ సందులోనుంచే పొగ వస్తుంది. ఏ ఇంట్లో ఏ గిన్నెలు వాడతారో, మసి దులిపేది ఎవరో కట్టించినవారు విచారించలేదు.

మా ఖమ్మం, భద్రాచలం మన్యపు అంచు పల్లెలలో మరొక చిక్కు ఉన్నది. ఇక్కడ పొగకు కూడా ఒక పని ఉన్నది. పొయ్యికి పైన వేలాడే మొక్కజొన్న కంకులకు, విత్తనాలకు పురుగు పట్టకుండా కాపాడేది అదే. వెదురు వాసాలకూ అదే రక్ష. పొగను వెళ్లగొట్టమని చెప్పేవారు విత్తనాలను ఎక్కడ దాచుకోవాలో కూడా చెప్పాలి కదా! 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్జ్వల వచ్చింది. వీటివల్ల ఎందరో ఆడవాళ్ల కళ్లకు మేలు జరిగిన మాట నిజం. కానీ కట్టె అడవిలో దొరికే చోట, సిలిండరుకు రొక్కం చెల్లించవలసిన చోట, గ్యాసు టీకీ చుట్టాలకీ పరిమితమై, అన్నం మళ్లీ కట్టెలమీదనే ఉడుకుతుంది. ఇది అజ్ఞానం కాదు, లెక్క. అట్టి ఇంట గ్యాసు ఉన్నదని ఊరుకోక, కట్టెలపొయ్యిని గాలి ఆడే వసారాలోకి మార్చి, దానిపైన చిన్న చూరు దించితే ఖర్చు స్వల్పం, ఫలం అధికం.

ఇక ఎత్తు సంగతి. నిలబడి వండుకునే గట్టును మేస్త్రీలు అందరికీ ఒకే కొలతతో కడతారు. గట్టు వండే మనిషి మోచేతికి బెత్తెడు, బెత్తెడున్నర దిగువన ఉండాలి. అంతకు మించితే భుజాలు లాగుతాయి, తగ్గితే నడుము వంగుతుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వల్ల ఇంటింటికీ నల్లా వచ్చింది. కానీ నల్లా మరీ కిందికి ఉంటే దాని కింద బిందె పట్టదు. చెంబుతో ముంచి పోయవలసిందే. మూరెడు పైపు, బిందె పెట్టుకొనే చిన్న దిమ్మె, ఇంతే కావలసింది.

వెలుతురు కూడా అంతే. పెంకుటింటి వంటగదిలో ఒక్క పెంకు తీసి అద్దపు పెంకు అమరిస్తే పగటిపూట దీపం అవసరం ఉండదు. బియ్యంలో రాళ్లు కనబడతాయి. వృద్ధులున్న ఇంట స్నానాలగది గోడకు ఒక ఇనుప పిడి బిగిస్తే, పడి తుంటి విరిగే ప్రమాదం తగ్గుతుంది.

గోదావరి ఒడ్డున ఎత్తుకు మరింత అర్థం ఉన్నది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అంతటి వరదకు ఇల్లు విడిచి పోవడమే శరణ్యం. కానీ గుమ్మంలోకి మోకాలిలోతు నీరు వచ్చే ఏళ్లే ఎక్కువ. స్విచ్చిబోర్డును తలఎత్తున బిగించడం, బియ్యానికి, కాగితాలకు గట్టి అటక, దానికి స్థిరమైన నిచ్చెన ఏర్పరచడం అటువంటి ఏళ్లలో అక్కరకు వస్తాయి. ఇక్కడా అదే ప్రశ్న: హెచ్చరిక వినగానే ఆ బస్తాలు ఎత్తేదెవరు? అటక వారి చేతికి అందాలి.

‘మా అమ్మల కాలంలో ఇవన్నీ ఉన్నాయా? అప్పుడు తినలేదా?’ అని కొందరు పెద్దలు అంటారు. గమనించండి, ఈ మాట అనేవారు సాధారణంగా తిన్నవారే, వండినవారు కారు. ఆ తల్లుల దగ్గు, మసకబారిన చూపు, వంగిన నడుము ఆ అన్నానికి చెల్లించిన మూల్యమే. గృహప్రవేశం నాడు మనం తొలుత చేసే పని పొయ్యిమీద పాలు పొంగించడం. అంతటి గౌరవం ఇచ్చిన ఆ చోటికి మరునాటి నుంచి ఒక కిటికీ కూడా దక్కకపోవడం న్యాయమా?

ఈ పండుగకు ఇంటికి రంగులు వేయించాలనుకొనేవారికి ఒక సూచన. మేస్త్రీని పిలిచే ముందు, తెల్లవారుజామునుంచి రాత్రి గిన్నెలు కడిగేదాకా మీ ఇంట్లో ఎవరు ఎన్నిసార్లు వంగుతున్నారో ఒక్కరోజు గమనించండి. ఎక్కువసార్లు వంగిన చోటనే మొదటి రూపాయి ఖర్చుపెట్టండి. రంగులు వచ్చే ఏడు వేసుకోవచ్చు.