రంగూన్ రేవు కథ ఎవరు తీస్తారు?

తెరమీద తెల్లదొర చెంప పగిలితే ఈలలు వేస్తాం. వేయాల్సిందే. బతికుండగా ఎన్నడూ కలవని అల్లూరినీ కొమురం భీమ్‌నీ ప్రాణ స్నేహితుల్ని చేసి, 2022లో ప్రపంచమంతా తిప్పిన ఫిల్మ్‌నగర్‌ను నేనొకటి అడుగుతున్నాను. ఒకే దొర కింద నలిగిన రెండు జాతులు నిజంగా ఎదురుపడ్డ రోజును ఎప్పుడు చూపిస్తారు?

1930 మే. రంగూన్ రేవు. ఉత్తర కోస్తా పల్లెల్లో పొట్ట గడవక ఓడెక్కిన మనవాళ్లు అక్కడ బస్తాలు మోసేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీద వాళ్లను కోరంగీలనేవారు. కూలి చాలడం లేదని సమ్మె కట్టారు. సరుకు దింపించే కంపెనీలు పని ఆగనిస్తాయా? పస్తులున్న బర్మా కూలీలను దింపాయి. కొద్దిగా కూలి పెంచి మనవాళ్లతో రాజీ కుదరగానే, ఆ బర్మావాళ్లను ఇక పొమ్మన్నాయి. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది తెలుగువాళ్లే.

బర్మావాడు మన పొట్ట కొట్టాడంటే నేనొప్పుకోను. ఇద్దరి ఆకలినీ పక్కపక్కన పెట్టి బేరమాడినవాడు కొట్టాడు! ఆ డిసెంబరులోనే బర్మా రైతులు సాయా సాన్ వెంట పన్నుల మీద తిరగబడ్డారు. 1924లో మన్యంలో అల్లూరిని కాల్చి చంపిన సర్కారే 1931లో సాయా సాన్‌ను ఉరితీసింది.

మోతీనగర్‌లో తెల్లారకముందే యూనిట్ బండి కోసం నిలబడే లైట్‌బాయ్‌లనూ సెట్ పనివాళ్లనూ చూస్తుంటాను. భుజాన తువ్వాలు, చేతిలో టిఫిన్ డబ్బా, కళ్లలో నిన్నటి నైట్ షిఫ్ట్. 2025 ఆగస్టులో సినిమా కార్మికులు 30 శాతం కూలి పెంచమని సమ్మె చేస్తే, యూనియన్‌తో నిమిత్తం లేకుండా ఎవరినైనా పెట్టుకుంటామన్నారు నిర్మాతలు. రంగూన్ ఎత్తే, తొంభై అయిదేళ్ల తర్వాత!

అన్నలారా, ఈసారి ఆ ఎత్తుకు పడొద్దు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి, యూనియన్ కార్డు లేక తక్కువకు కేబుళ్లు మోసే కుర్రాణ్ణి గేటు దగ్గర తరమకండి. యూనియన్‌లో చేర్చుకోండి. మీ కూలే వాడికీ ఇమ్మని వాడి పక్కన నిలబడి అడగండి.

ఫిల్మ్‌నగర్ పెద్దలకూ ఒక మాట. రంగూన్ రేవు సెట్ వేయండి. దానికి మేకులు కొట్టేవాళ్లు ఏ ఊరివాళ్లయినా, అందరికీ ఒకే కూలి ఇవ్వండి.