ఎవరికి నార్మల్?

ఈ పోస్టు కాస్త పొడుగు. చేలో పని అయ్యాక తీరిగ్గా చదవండి. కోపం వస్తే కింద తిట్టండి, పర్లేదు.

"జిల్లాలో వర్షపాతం నార్మల్" అని పేపర్లో చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుద్ది. వాళ్ల లెక్కలో సగటు కంటే 19 శాతం తక్కువ పడినా నార్మలే, 19 శాతం ఎక్కువ పడినా నార్మలే. పైగా అది కూడిక. ఎంత పడిందో చెప్పుద్ది గానీ ఎప్పుడు పడిందో చెప్పదు. నాట్లప్పుడు చుక్క రాల్చకుండా ఎండగట్టి, కోతలప్పుడు రెండు రోజుల్లో కుమ్మేసినా ఏడాది చివర కూడితే నార్మలే వస్తుంది. 100 మిల్లీమీటర్ల వాన అంటే ఎకరానికి 4 లక్షల లీటర్ల నీళ్లండి. అది పది రోజుల్లో పడితే మురుగు కాలువ లాగేస్తుంది. ఒక్క రాత్రిలో పనల మీద పడితే గింజ మొలకొస్తుంది. కాగితం మీద మాత్రం రెండూ ఒకటే.

ఇంకో సంగతి. ఆ సగటు కూడా ఉన్నచోట ఉండదు. దేశం మొత్తానికి నైరుతి వానల సగటు 880.6 మిల్లీమీటర్లు అనేవాళ్లు. 2022 ఏప్రిల్ లో దాన్ని 868.6 చేశారు. పాత లెక్క 1961 నుంచి 2010 వరకు, కొత్తది 1971 నుంచి 2020 వరకు. తప్పు చేశారని నేననను, పద్ధతి అదే. కానీ ఆలోచించండి, వాన తగ్గితే సగటూ తగ్గుతుంది, మళ్లీ మనం నార్మల్ లోకే వచ్చేస్తాం! ఎండల సంగతీ అంతే. వేడెక్కిన 30 ఏళ్లనే సగటుగా పెట్టుకుని దానితో ఇవాళ్టి ఎండను పోలిస్తే తేడా చిన్నదిగానే కనపడుద్ది. అందుకే పాత రికార్డు పోకూడదు. మన బందరులో వాతావరణ శాఖ అబ్జర్వేటరీ ఉంది, దాని లెక్కలు బంగారం. అయితే అవి బందరు లెక్కలు. శివారు చేలో ఏం పడిందో ఆ గేజికి ఏం తెలుసు?

ఇప్పుడు మనోళ్ల సంగతి. ఒకాయన "తుపాన్లు కొత్తా ఏంటి, అన్నీ పాతవే" అంటాడు. నిజమే, 1864 నవంబరు 1 న ఉప్పెన బందరులో దాదాపు 30 వేల మందిని మింగేసింది. 1977 నవంబరు 19 దివిసీమ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకొకాయన "మా తాతల రోజుల్లో కార్తె కార్తెకీ లెక్కగా పడేది" అంటాడు. ఇద్దరూ రచ్చబండ మీద గంటలు గంటలు వాదిస్తారు, ఇద్దరి చేతుల్లోనూ కాగితం ముక్క లేదు. మనిషికి మునిగిన ఏడాదే గుర్తుంటుంది, మామూలుగా పండిన ఏడాది గుర్తుండదు.

కాగితం ఉంటే ఏమవుద్దో చెప్తా. ఫిలిప్పీన్స్ లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు తమ పొలంలోనే 1979 నుంచి 2003 వరకు రోజూ ఎండ రాసుకున్నారు. చూస్తే పగటి వేడి 0.35 డిగ్రీలే పెరిగింది, రాత్రి వేడి 1.13 డిగ్రీలు పెరిగింది. ఎండకాలపు వరిలో రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గినట్టు తేలింది. మనం దాళ్వాలో తాలు ఎక్కువైతే మందు కొట్టోడిని తిడతాం, విత్తనం కొట్టోడిని తిడతాం. రాత్రి వేడి ఎంతుందో మన ఊళ్లో రాసినోడెవడు?

"మన నోటు పుస్తకాన్ని ఆఫీసరు ఒప్పుకుంటాడా?" అని అడుగుతారు. ఒక్కడిది ఒప్పుకోడు. ఒకే ఊళ్లో ఇరవై మంది ఒకే టైముకి కొలిచి రాస్తే, మండలం అంకెకీ మన అంకెకీ ఎందుకు తేడా వచ్చిందో చెప్పాల్సిన పని ఆయన మీద పడుద్ది. పంట 33 శాతం పోతేనే నష్టపరిహారం అంటున్నారు కదా, ఏ రోజు ఎంత పడిందో చెప్పలేనప్పుడు మన మాట వినేదెవరు? వాతావరణ బీమాలోనైతే మరీను, అక్కడ చేను చూడరు, ఏదో స్టేషన్ అంకె చూస్తారు. ఆ స్టేషన్ ఎక్కడుందో మనలో ఎంతమందికి తెలుసు?

వేలు ఖర్చు పెట్టక్కర్లేదు. అడుగు నుంచి మూతి దాకా నిలువుగా, ఒకే వెడల్పున్న డబ్బా చాలు. కూల్ డ్రింకు బాటిలు పనికిరాదు, మూతి సన్నం, అడుగు వంకర. చెట్టుకీ చూరుకీ దూరంగా, పడిపోకుండా పెట్టండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి స్కేలు పెట్టి చూడండి, వాతావరణ శాఖ వాళ్లదీ అదే టైము. సెంటీమీటరు లోతుంటే 10 మిల్లీమీటర్లు. రాసి, పారబోసి, మళ్లీ పెట్టండి. వాన లేని రోజు సున్నా రాయాలి, అదే మనోళ్లు ఎగ్గొట్టేది.

వచ్చే గ్రామసభలో నేను రెండే అడుగుతా. రైతు సేవా కేంద్రం దగ్గర ఒక సరైన రెయిన్ గేజి పెట్టాలి. రోజువారీ అంకె, రాత్రి ఉష్ణోగ్రతతో సహా, బోర్డు మీద రాయాలి. సంతకం పెట్టేవాళ్లు ముందు రోజు సాయంత్రంలోగా చెప్పండి, అర్జీ రాసి ఉంచా.